వరద వస్తే అమ్మకి పని మొదలు

మాది కోనసీమలో గోదావరి పాయల మధ్య ఉండే లంక ఊరు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులు, మొదటి ప్రమాద హెచ్చరిక అని టీవీలో రాగానే మాకందరికీ టెన్షన్ పట్టుకుంటుంది, అమ్మ మాత్రం కొంగు దోపుకుని పనిలో పడుతుంది. ముందు గేదెల్ని ఏటిగట్టు మీదకి తోలించాలి, ఆ తర్వాతే ఇల్లు. బియ్యం, చింతపండు, అగ్గిపెట్టెలు అటక మీదకి, పొలం కాగితాలు ప్లాస్టిక్ కవర్లో చుట్టి బియ్యం డబ్బాలోకి. 13.75 అడుగులు దాటి రెండో హెచ్చరిక వచ్చేసరికి మా ఇంట్లో సర్దడానికి ఏమీ మిగలదు, అప్పుడు పక్కింట్లో ఒంటరిగా ఉండే పెద్దమ్మ గారి సామాను సర్దడానికి వెళ్తుంది. "భయం అందరికీ ఉంటదిరా, చేతులు ఊరుకోకూడదంతే" అంటుంది.

1996 నవంబర్ 6 తుఫానుకి మా కొబ్బరితోట దాదాపు నేలమట్టం అయిపోయింది. నాన్న మాట్లాడకుండా గట్టు మీద కూలబడిపోతే, అమ్మ పడిన చెట్ల దగ్గర కాయలు ఏరించి, ఆకులు చీల్చి ఈనెలు తీసి చీపుర్లు కట్టింది. కొబ్బరి మొక్క కాపుకొచ్చేసరికి ఆరేడేళ్లు పడుతుంది కదా, అందాకా మధ్యలో అరటి, కంద వేద్దామని నాన్నతో అన్నది కూడా ఆవిడే. పెద్దగా చదువుకోలేదు మా అమ్మ, కానీ అంత నష్టంలో మర్నాటి సంగతి ఆలోచించిన మనిషి మా ఇంట్లో ఆవిడొక్కతే.

ఈ సెలవులకి వెళ్లినప్పుడు మా పిల్లల్ని అమ్మ పక్కన కూర్చోబెట్టి ఇవన్నీ ఆవిడ నోటితోనే చెప్పించాలి.