కళింగపట్నం ఒడ్డున అద్దె గదులు

ఈ ఒడ్డున గదులు అద్దెకిచ్చేవాళ్లకు ఉప్పుగాలికి ముందు పాడయ్యేవి తాళాలే. బిగుసుకుంటే కొబ్బరినూనె వేస్తారు చాలామంది. దానికి ఇసుక పట్టి ఇంకా మొరాయిస్తుంది. పెన్సిల్ ముల్లు నూరి ఆ పొడి వేస్తే చాలు. సముద్రం వైపు తలుపు బందులకు, మేకులకు స్టెయిన్‌లెస్ స్టీలులో 316 రకమే అడగండి. 304 వంటింటికి సరిపోతుంది గానీ ఈ గాలికి తుప్పు చుక్కలు వేస్తుంది. ఏసీ బయటి యూనిట్‌ని 15 రోజులకోసారి కరెంటు ఆపి, మంచినీళ్లతో మెల్లగా కడగాలి. పైపు గట్టిగా కొడితే రేకులు వంగిపోతాయి, ఇక గాలి ఆడదు.

బోరు నీళ్లు ఉప్పగా ఉంటే గీజరుకు వాడకండి. ఎలిమెంటు మీద సున్నపు పొర కట్టి, ఆ వేడి నీళ్లకు చేరక అదే కాలిపోతుంది. ఇసుక సంగతి తేలిక: గేటు దగ్గరే కుళాయి, పక్కన ఒక బకెట్, చెంబు. 'కాళ్లు కడుక్కోండి' అని బోర్డు పెడితే ఎవరూ చదవరు, చెంబు కనబడితే మాత్రం కడుక్కుంటారు. అయినా స్నానాల గదిలో నీళ్లు బయటికి పోయే జాలీ, దాని కింది గిన్నె (నహానీ ట్రాప్) వారానికోసారి తీసి శుభ్రం చేయాల్సిందే.

వచ్చేవాళ్లలో ఎక్కువమంది అరసవల్లి సూర్యదేవాలయానికి వెళ్లే భక్తులు. రథసప్తమికీ, సూర్యకిరణాలు స్వామి పాదాలు తాకుతాయని చెప్పే మార్చి 9–11, అక్టోబరు 1–3 తేదీలకూ తెల్లారకుండానే బయల్దేరతారు. దర్శనం అయ్యేదాకా చాలామంది టిఫిను ముట్టరు, వేన్నీళ్లు మాత్రం తప్పనిసరి. 15 లీటర్ల, 2 కిలోవాట్ల గీజరు నిండుగా కాగడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. గదికి నలుగురుంటే ఎన్నింటికి లేవాలో ముందురాత్రే వాళ్లతో కూర్చుని లెక్క వేయండి. రైల్లో వచ్చేవాళ్లకు శ్రీకాకుళం రోడ్ స్టేషను ఆమదాలవలసలో ఉందని ముందే ఫోనులో చెప్పాలి. లేకపోతే స్టేషను బయటికొచ్చి, "ఊరేదండీ?" అని మనకే ఫోను చేస్తారు.

పాత బౌద్ధ స్తూపాలున్న శాలిహుండం వెళ్లేవాళ్లు ఎండ ముదరకముందే కొండెక్కితే మంచిది.

భోజనంలో మాట జాగ్రత్త. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్ల వేట నిషేధం. అప్పుడు వంజరం వేపుడు ఉందంటే అది ఐసుపెట్టెలో ఉన్నదే. ఆ రెండు నెలలూ మోటారు లేని తెప్పల మీద దొరికిన చిన్నచేపల పులుసు, లేదంటే ఎండు మెత్తళ్లు, వంకాయ. దానికి వంక పెట్టినవాళ్లు తక్కువే.

చలికాలం చివర్లో తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొస్తాయి. 45–60 రోజులకు పిల్లలు బయటపడి వెలుతురు కనిపించిన వైపు నడుస్తాయి. మన దీపాలు వెలుగుతుంటే సముద్రం వదిలి రోడ్డెక్కుతాయి. అందుకని ఆ నెలల్లో రాత్రి సముద్రం వైపు లైట్లు ఆర్పేయాలి, కిటికీలకు తెరలు దించాలి.

స్నానానికి వంశధార మొగ దగ్గర, అంటే ఏరు సముద్రంలో కలిసే చోట, ఎవరినీ దిగనివ్వద్దు. పైకి నీళ్లు నిదానంగానే కనిపిస్తాయి, పోటు వెనక్కి తీసేటప్పుడు మాత్రం ఏటి నీరూ తోడై కాళ్ల కింది ఇసుకను కోసేస్తుంది.