కొసరు లెక్క

ఏ కంపెనీ షేరు కొనాలో, ఏది వద్దో లెక్కలు తేల్చే అనలిస్టు ఉద్యోగం నాది. కాస్ట్‌కో మీద నేను రాసిన రిపోర్టు 46 పేజీలు. మా బాసు చదివింది రెండు. మూడోది తిప్పకుండానే బల్ల మీద పెట్టి, చిరునవ్వుతో, "కంపెనీ ఏం అమ్ముతుందో రాశావు, డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుందో రాయలేదు" అన్నాడు. శనివారం ఆ షాపుకు వెళ్లి రెండు గంటలు ఊరికే నిలబడి రమ్మన్నాడు. అంతే, ఇంకో మీటింగుకు వెళ్లిపోయాడు.

ఆ చిరునవ్వే నాకు పడదు. హైదరాబాద్‌లో పనిచేసినప్పుడు నా మేనేజరు అందరి ముందూ అరిచేవాడు. సాయంత్రం ఆయనే "టీ తాగుదాం రా" అని పిలిచేవాడు, అక్కడితో సరి. ఇక్కడ అరవరు, టీకీ పిలవరు. నవ్వుతూ ఒక్క మాట అంటారు. దాన్ని మోసుకుంటూ షికాగో ఆఫీసు నుంచి నేపర్‌విల్‌లో ఇంటి దాకా ట్రైన్‌లో కూర్చోవాలి. ఏడేళ్లయినా ఈ పద్ధతి నాకు అలవాటు కాలేదు.

పైగా అది ఏ మందుల కంపెనీయో, చిప్పుల కంపెనీయో కాదు, కాస్ట్‌కో. మనవాళ్ల నోట్లో కాస్కో. ఏడాది ఫీజు కట్టి కార్డు తీసుకున్నవాళ్లనే లోపలికి రానిచ్చే పెద్ద షాపు. దాని గురించి నాకా చెప్పేది? ఇక్కడ ఏ తెలుగింటి గ్యారేజీ తలుపెత్తినా కారుకన్నా ముందు టిష్యూ పేపరు కట్టలు కనిపిస్తాయి. కొత్తగా వచ్చినవాళ్లు "అన్నా, ఒక్కసారి కార్డు ఇస్తావా" అని అడగడంతోనే అమెరికా కాపురం మొదలుపెడతారు. 2024లో తలుపు దగ్గర కార్డు స్కాన్ చేసే మెషీన్లు పెట్టాక మా వాట్సాప్ గ్రూపులో ఒక సంతాప సభే జరిగింది.

ఆ శనివారం నాన్నను వెంట తీసుకెళ్లాను. నాన్న మూడు నెలల కోసం వచ్చి, రెండో వారానికే తెనాలి మీద బెంగ పెట్టుకున్నాడు. ఇరవై ఎనిమిదేళ్లు కిరాణా కొట్టు నడిపిన మనిషికి ఖాళీగా సోఫాలో కూర్చోవడం శిక్షే.

ఫుడ్ కోర్టులో ఓ బల్ల చూసుకుని కూర్చున్నాం. అక్కడ హాట్‌డాగ్, దాంతోపాటు కూల్‌డ్రింకు, కలిపి డాలరున్నర. 1980ల నడుమ పెట్టిన ధర, ఇప్పటికీ అదే. లోపల కాల్చిన కోడి 4.99. నేను బీఫ్ తినను కాబట్టి ఆ హాట్‌డాగ్ రుచేంటో నాకు తెలియదు. అయినా నా రిపోర్టులో దాని మీద మూడు పేజీలున్నాయి: ధర పెంచితే ఎంత మిగులుతుంది, పెంచకపోతే ఎంత పోతుంది అని. "మేనేజ్‌మెంట్ లాభాన్ని వదులుకుంటోంది" అని తేల్చేశాను కూడా.

నాన్నకు అదంతా చెప్పాను. ఆయన ఆశ్చర్యపోలేదు. "కొసరు కదే అమ్మాయ్" అన్నాడు.

నాకు గొంతులో ఏదో అడ్డుపడినట్టయింది. మా కొట్టుకు పిల్లలెవరొచ్చినా చేతిలో బెల్లం ముక్క పెట్టేవాడు. ఎండుమిర్చి తూచాక ఇంకో నాలుగు పైన వేసేవాడు. నేను ఎనిమిదో తరగతిలో లెక్కలేసి, నెలకు కొసరు కింద ఎంత పోతోందో కాగితం మీద రాసి చూపిస్తే, అప్పుడూ ఇలాగే నవ్వాడు. మా బాసు నవ్వు నాకెందుకు పడదో అక్కడ కూర్చున్నాకే అర్థమైంది.

"మరి అసలు ఎక్కడ?" అని అడిగాడు నాన్న. బాసు అడిగిందీ అదే, కాకపోతే ఇంగ్లీషులో.

లెక్కలు నా ఫోన్‌లోనే ఉన్నాయి. 2024 ఆర్థిక సంవత్సరంలో అమ్మకాలు దాదాపు 24,960 కోట్ల డాలర్లు. ప్రతి వంద డాలర్ల అమ్మకంలో 89 సరుకు ఖరీదుకే పోతుంది. జీతాలు, కరెంటు, మిగతా ఖర్చులకు ఇంకో తొమ్మిది. మిగిలేది రెండు డాలర్లకు లోపే. బ్రాండు సరుకు మీద పద్నాలుగు శాతానికి, సొంత కిర్క్‌లాండ్ సరుకు మీద పదిహేను శాతానికి మించి వేసుకోకూడదని వాళ్లకు వాళ్లే గిరి గీసుకున్నారు. ఇక కార్డు ఫీజు: ఏడాదికి 65 డాలర్లు, పెద్ద కార్డయితే 130. అలా ఆ ఏడాది వచ్చింది 483 కోట్ల డాలర్లు. మొత్తం ఆపరేటింగ్ లాభం, అంటే వడ్డీలు, పన్నులు తీయకముందు మిగిలింది, 929 కోట్లు. అంటే సగానికి పైగా డబ్బు సరుకు మీద కాదు, లోపలికి రానిచ్చినందుకు వస్తోంది.

"గుమ్మం అద్దె" అన్నాడు నాన్న.

46 పేజీల్లో నాకు దొరకని మాట అది. ఈ అంకెలన్నీ నా రిపోర్టులోనూ ఉన్నాయి, కాకపోతే 31వ పేజీ పట్టికలో, "ఇతర ఆదాయం" అన్నట్టుగా. గుమ్మం అద్దె అనుకుని చూస్తే మిగతావన్నీ వాటి చోట్లో అవి సర్దుకుంటాయి. హాట్‌డాగ్ ఎందుకు పెంచరు, ధరల మీద అంత గిరి ఎందుకు, మామూలు సూపర్ మార్కెట్లో ముప్పై వేల దాకా రకాలుంటే వీళ్లు నాలుగు వేల రకాలతోనే ఎందుకు సరిపెట్టుకుంటారు. తక్కువ రకాలు పెట్టుకుంటే ఒక్కోటీ గుట్టలుగా కొనొచ్చు, తయారీదారుతో గట్టిగా బేరమాడొచ్చు. ఆ బేరంలో మిగిలింది తాము తీసుకోకుండా గిరాకీకే ఇచ్చేస్తే, అతను వచ్చే ఏడాది మళ్లీ గుమ్మం అద్దె కడతాడు.

కడుతున్నారు కూడా. 2024 ఆర్థిక సంవత్సరం చివరికి అమెరికా, కెనడాల్లో 92.9 శాతం మంది మళ్లీ కట్టారు. నేనది గొప్పగా చెప్తుంటే నాన్న వెంటనే, "ఆ ఏడుగురు ఎందుకు మానేశారంట?" అన్నాడు.

నేను ఆ ప్రశ్న వేసుకోనేలేదు. తొంభై మూడు చూసి మురిసిపోయాను. వందకు ఏడుగురు పోతున్నారంటే సగటున ఒక మనిషి పద్నాలుగేళ్లు ఉంటాడని లెక్క. ఆ ఏడు పది అయితే పదేళ్లే. ఈ తేడా మీదే కంపెనీ విలువంతా నిలబడి ఉంది. 2024 సెప్టెంబరులో ఫీజు పెంచారు, 60ని 65, 120ని 130 చేశారు. దాదాపు 5.2 కోట్ల కార్డులు, సగానికి కాస్త ఎక్కువ పెద్దవి. ఏడాది తిరిగేసరికి ఇంచుమించు 40 కోట్ల డాలర్లు అదనంగా వస్తాయి, దానికోసం ఒక్క బస్తా కూడా ఎక్కువ మోయనక్కర్లేదు. అంతకుముందు పెంచింది 2017లో. ఏడేళ్లు ఎందుకు ఆగారంటే, ఆ ఏడుగురు ఎనిమిది మంది అవుతారేమోనన్న భయం వాళ్లకూ ఉంటుంది మరి.

నాన్నకు నిజంగా నచ్చింది వేరే సంగతి. కొట్లోకి వచ్చిన సరుకు ఇక్కడ నెల రోజుల్లోపే అమ్ముడైపోతుంది. ఆ ఏడాది చివర్లో కంపెనీ దగ్గరున్న సరుకు 1,865 కోట్ల డాలర్లది, సరుకిచ్చినవాళ్లకూ మిగతావాళ్లకూ చెల్లించాల్సింది 1,942 కోట్లు. అంటే షాపులోని సరుకంతా ఇచ్చినవాళ్ల డబ్బు మీదే నిలబడి ఉంది. అది విని నాన్న కాసేపు మాట్లాడలేదు.

గుంటూరు హోల్‌సేలు షావుకారు మాకు పదిహేను రోజుల గడువిచ్చేవాడు. మా ఖాతాదారులేమో జీతాల తారీఖుకు కట్టేవాళ్లు, కౌలు రైతులైతే పంటకు. ఆ మధ్య రోజులకు నాన్న నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చేవాడు. ఎర్ర అట్ట ఖాతా పుస్తకంలో చివరి పేజీలు మాత్రం మడిచి ఉండేవి. ఆ పేజీల్లో రాసినవి ఇక రావు. సరుకు అమ్ముడుపోక కాదు, అరువు మీద బాగా అమ్ముడుపోయే మా కొట్టు చిక్కిపోయింది. అదే కందిపప్పు, అదే నూనె. ఇక్కడ గిరాకీ ఏడాది ముందే గుమ్మం అద్దె కట్టి, ఆ తర్వాత సరుకుకు నగదిస్తున్నాడు. "వీళ్లకి ఖాతా పుస్తకం లేదన్నమాట" అన్నాడు చివరికి. అసూయగా అన్నాడనే అనిపించింది నాకు. మరి ఇక్కడి వాళ్లెవరైనా వర్షాలు పడని ఏడాది ఒక ఊరిని మోశారా? అది ఏ బ్యాలెన్స్ షీట్లోనూ ఉండదు. ఇలా వాదించడం అనలిస్టు పని కాదని తెలుసు, అయినా అనకుండా ఉండలేను.

అన్నట్టు, మన దగ్గర డీమార్ట్ దీనికి తిరగేసిన పద్ధతి. రాధాకిషన్ దమానీ 2002లో ముంబై పొవాయ్‌లో మొదటి షాపు పెట్టినప్పటినుంచీ, సరుకిచ్చినవాళ్లకు గబగబా డబ్బిచ్చి, ఆ తొందరకు ధర తగ్గించుకుంటాడు. అద్దెల బెడద లేకుండా వీలైనచోట బిల్డింగులు సొంతానికి కొనుక్కుంటాడు. కార్డూ లేదు, గుమ్మం అద్దే లేదు. రెండూ చవక షాపులే, రెండు కంపెనీల షేర్లూ జనం ఎగబడి కొన్నవే, డబ్బు నడిచే దారి మాత్రం వేరు. అందుకే "అమెరికా మోడల్, ఇండియా మోడల్" అని రాసేవాళ్లను చూస్తే విసుగొస్తుంది. ఎవరు, ఎవరికి, ఎప్పుడు డబ్బిస్తున్నారో చెప్పమనండి చాలు.

సోమవారం రెండు పేజీలు తీసుకెళ్లాను. బాసు రెండూ చదివాడు. ఏడుగురి దగ్గర పెన్సిలుతో గీత పెట్టాడు. బాగుందని అనలేదు. "మరి రేటు?" అన్నాడు. అప్పటికి షేరు ధర ఏడాది లాభానికి 50 రెట్లకు పైనే ఉంది. షాపు ఎంత మంచిదైనా, యాభై ఏళ్ల లాభం ముందే చేతిలో పెట్టి కొనాలా అన్నది ఇంకో లెక్క. గంటసేపు వాదించుకున్నాం. కొనలేదు. వెళ్లేటప్పుడు మాత్రం కాఫీ తాగుతావా అని అడిగాడు, ఏడేళ్లలో మొదటిసారి.

ఇంటికొచ్చేసరికి నా కార్డు రెన్యువల్ మెయిల్ వచ్చి ఉంది. 130 డాలర్లు కట్టేశాను. నాన్న పక్కనుంచి తొంగి చూశాడు.

"షేరు కొన్నారా మీ ఆఫీసువాళ్లు?"

"లేదు నాన్నా, ఖరీదెక్కువ."

"మరి ఇప్పుడు కట్టిందేంటి?"

"కార్డుకి."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, అమ్మకు ఫోన్ కలపమన్నాడు.