పాల్‌మాల్‌లో నీలం ఫలకం

నిన్న లండన్‌లో పాల్‌మాల్ వీధి 79వ నంబరు ముందు చాలాసేపు నిలబడిపోయాను. గోడమీద గుండ్రటి నీలం ఫలకం. ఈ స్థలంలోని ఇంట్లో 1671 నుంచి 1687 దాకా నెల్ గ్విన్ ఉండేదట. థియేటర్‌లో నారింజపళ్లు అమ్మి, అక్కడే నటి అయి, రెండో చార్లెస్ రాజు మనసు గెలిచిన మనిషి. ఆయన ప్రియురాళ్లలో బార్బరా విలియర్స్, ఫ్రాన్స్ నుంచి వచ్చిన లూయిజ్ డచెస్‌లయ్యారు. నెల్‌కి ఏ బిరుదూ రాలేదు. కానీ ఇల్లు లీజుకిస్తే ఒప్పుకోలేదు, సొంతంగా రాసివ్వమని పట్టుబట్టి 1676లో సాధించుకుంది. అది చదివాక సొంతిల్లు కోసం మా అమ్మ పడ్డ తపన గుర్తొచ్చి గొంతు పట్టేసింది. 1685లో చనిపోతూ రాజు "పాపం, నెల్లీని పస్తులుంచకండి" అన్నాడంటారు. తర్వాత రాజైన తమ్ముడు జేమ్స్ ఆమె అప్పులు తీర్చాడు. రెండేళ్లకే ఆమె కూడా వెళ్లిపోయింది.