ఆర్మూరు దాటాక ఆగిన బస్సు

కుంటాల జలపాతం చూద్దామని పొద్దున్నే సికింద్రాబాదు జేబీఎస్ బస్టాండులో బస్సెక్కాను. కుంటాల గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. నీళ్లు సన్నగా ఉన్నాయి, ఎండ మాత్రం దండిగా ఉంది. నాకు గుర్తుండిపోయింది ఆర్మూరు దాటాక టైరు పంక్చరై నలభై నిమిషాలు ఆగిపోయిన చోటు.

రోడ్డు పక్కన టీ కొట్టు, వెనకాల చింతచెట్టు. ఇరవై రూపాయల టీ రెండు గుక్కల్లో అయిపోయింది. గ్లాసును తిట్టుకుంటుంటే ఎక్కడినుంచో "ఊ... ఊ..." అని సన్నగా సాగదీసిన కూత. పసిపిల్లేమో అనుకున్నాను. ట్రాలీ ఆటోలో కోతుల బోను! పెద్దవి ఏడెనిమిది ఒకదాన్నొకటి కరుచుకుని కూర్చున్నాయి. పక్కన చిన్న బోనులో పిల్ల ఒక్కటే. ఏడాది కూడా నిండి ఉండదు. గోనెసంచి పీలిక ఒకటి రెండు చేతులా కావిలించుకుని, పెదాలు గుండ్రంగా ముందుకు చాపి, చెట్టుకేసి చూస్తూ కూస్తోంది. చెట్టుమీంచి అదే రాగంలో జవాబొస్తోంది. బోనుకు చిక్కని తల్లి కాబోలు.

డిగ్రీలో జువాలజీ వెలగబెట్టినవాణ్ణి కదా, ఆ గోనెపీలిక చూడగానే అమెరికన్ సైకాలజిస్టు హ్యారీ హార్లో గుర్తొచ్చాడు. 1950లలో విస్కాన్సిన్‌లో రీసస్ అనే జాతి కోతిపిల్లల్ని తల్లుల నుంచి విడదీసి, తల్లికి బదులు తీగ బొమ్మ, గుడ్డ బొమ్మ పెట్టి చూశాడు. పాలసీసా తీగ బొమ్మకున్నా పిల్లలు గుడ్డ బొమ్మనే పట్టుకుని వేలాడాయి.

"దీన్నెందుకు విడిగా పెట్టారు?" అంటే, కోతులు పట్టేవాడు "పెద్దవాట్లల్ల ఏస్తే కొరుకుతయ్" అన్నాడు.

టీ కొట్టాయన నా మొహం చదివినట్టున్నాడు. "జాలి పడకుండ్రి సారూ. పోయినేడు మక్కచేన్ల ఒక్క కంకి మిగల్చలే. ఇంటిమీది గూనలు ఎన్నిసార్లు సదిరిచ్చిన్నో మీకేం ఎర్క? ఊరంత చందాలేసి పట్టిస్తున్నం. నిర్మల్ తీస్కపోయి, ఆపరేషన్ జేసి అడవిల ఇడుస్తరు."

నిర్మల్ దగ్గరి చించోలి(బి)లో 2020 డిసెంబరులో మొదలైన కోతుల కేంద్రం సంగతి చెబుతున్నాడు. నేనేం అనగలను? హైదరాబాదులో నాలుగో అంతస్తులో, బాల్కనీకి వల బిగించుకుని బతుకుతున్నవాణ్ణి.

ఇంతలో ఆటోమీద టార్పాలిన్ కప్పారు. చెట్టు కనబడకుండా పోయింది. రెండు మూడు కూతలు కూసి పిల్ల ఊరుకుంది.

"సూశిండ్రా, అల్వాటైంది" అన్నాడాయన.

నాకలా అనిపించలేదు. తల్లి పక్క బోనులో కనబడుతుంటే రీసస్ పిల్ల తెగ కూస్తుందనీ, పూర్తిగా ఒంటరిదాన్ని చేస్తే కూతలు తగ్గుతాయిగానీ రక్తంలో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను మాత్రం మరింత పెరుగుతుందనీ ప్రయోగాల్లో తేలింది. నోరు మూసుకున్నదే ఎక్కువ హడలిపోయి ఉందన్నమాట. ఆయనకీ ముక్క చెప్పలేదు. కార్టిసాల్‌తో ఇంటిమీద గూనలు నిలబడవు.

చిన్నప్పుడు బాపట్ల దగ్గర మా అమ్మమ్మ వాళ్లూరికి కోతులాడించేవాడు వచ్చేవాడు. అతని కోతికి నెత్తిన జుట్టు పాపిడి తీసినట్టుండేది, తోక బారెడు. పగలంతా దండాలు పెట్టి, పిల్లిమొగ్గలేసి, రాత్రి రచ్చబండ దగ్గర గుంజకు కట్టేస్తే ఇలాగే మూలిగేది. "జాతి గుర్తొచ్చిందిరా దానికి, పడుకో" అనేది అమ్మమ్మ. మర్నాడు పొద్దున మళ్లీ దండాలు పెడుతుంటే మేం చప్పట్లు కొట్టేవాళ్లం.

టీ కొట్టాయన బల్లమీది గెలలోంచి అరటిపండొకటి తుంచి, టార్పాలిన్ అంచు ఎత్తి చిన్న బోనులోకి తోశాడు. "నేనేం రాచ్చసున్ని గాదు సారూ" అన్నాడు, నేను అడగకపోయినా. పిల్ల పండు ముట్టుకోలేదు. గోనెపీలిక వదల్లేదు.

ఫోనులో రెండున్నర నిమిషాల వీడియో ఉంది. నిర్మల్ లాడ్జిలో రాత్రి పెట్టి చూశాను. చివరి నిమిషంలో పిల్ల గొంతు లేదు. చెట్టుమీంచి పిలుపు ఒక్కటే వినబడుతోంది, ఆగి ఆగి. మధ్యలో మా కండక్టరు, "టైరైంది, ఎక్కుండ్రి ఎక్కుండ్రి" అని.