గోరు మీద కత్తి

యూదుల ధర్మశాస్త్రంలో తినడానికి చేసే పశువధ, ఆలయ బలుల నియమాలు చదువుతుంటే కత్తి దగ్గరే మనసు ఆగిపోతుంది. కోసే ముందు కత్తిని వేలి చర్మం మీద, గోరు మీద మెల్లగా లాగి చూడాలి. పదును, దాని రెండు పక్కలు, పోతూ వస్తూ: మొత్తం 12 సార్లు. గోటికి తగిలీ తగలనంత గంటు ఉన్నా పనికిరాదు, అది కోయదు, చీరుతుంది.

పశువుకు శ్వాసనాళం, అన్నవాహిక రెండూ సగానికి మించి తెగాలి; పక్షికి ఒకటి చాలు. మధ్యలో చెయ్యి ఆగినా, కత్తిని అదిమినా, అది చర్మం కిందికి దూరినా ఆ మాంసం తినకూడదు.

యెరూషలేము ఆలయంలో యాజకుడు కానివాడు కోసినా చెల్లేది. రక్తం పాత్రలో పట్టడం నుంచే యాజకుడి పని. పక్షి బలికైతే అసలు కత్తే లేదు! యాజకుడు గోటితో మెడ వెనక నుంచి తుంచాలి. అదే ఆలయం బయట చేస్తే ఆ పక్షిని తినడం నిషిద్ధం.