బైకు కొనేముందు ఒకసారి వెనక కూర్చుని చూడండి

పెళ్లయిన కొత్తలో నా దగ్గరున్న బండి పేరు చెప్పను గానీ, స్పోర్ట్స్ బైకు, ముందుకి వంగి నడిపేది, వెనక సీటేమో ఇస్త్రీపెట్టె అంత ఉంటుంది, అది కూడా నా సీటు కంటే జానెడు పైన. బ్యాచిలర్‌గా ఉన్నప్పుడు కొన్నా కాబట్టి వెనక ఎవరు కూర్చుంటారు అన్న ఆలోచనే రాలేదు, ఫ్రెండ్సెవరైనా ఎక్కితే "ఏంట్రా ఇది" అని తిట్టేవాళ్లు, నేను నవ్వేసేవాణ్ణి, అంతటితో అయిపోయేది.

మా ఆవిడ ఏడాదిన్నర దాని మీదే తిరిగింది. ఒక్క మాట కూడా అనలేదు అనుకున్నా. (చాలానే అందిట, హెల్మెట్ వల్ల నాకు వినపడలేదు అంతే.)

విషయం బయటపడింది అరకు వెళ్లినప్పుడు. వైజాగ్ నుంచి అరకు 115 కిలోమీటర్లు ఉంటుంది కదా, పెందుర్తి, కొత్తవలస, ఎస్.కోట దాకా మామూలు రోడ్డే, ఆ తర్వాత ఘాట్ మొదలవుతుంది, అనంతగిరి, గాలికొండ, కాఫీ తోటలు, నేనైతే మలుపు మలుపుకీ మురిసిపోతూ నడిపా. తిరిగొచ్చేటప్పుడు ఎస్.కోటలో టీకి ఆపితే మా ఆవిడ బండి దిగలేకపోయింది. నిజంగానే, కాలు ఎత్తలేకపోయింది, నేను చెయ్యి పట్టుకుని దింపా. మా ఆవిడ నన్ను మామూలుగా నువ్వు అనే అంటుంది, కోపమొస్తేనే మీరు. ఆ రోజు టీ తాగుతూ చాలా నెమ్మదిగా "ఇంకోసారి అరకు అంటే నేను కిరండూల్ ప్యాసింజర్‌లో వస్తాను, మీరు బండి మీద రండి" అంది. మీరు అన్నాక ఇంకేం మాట్లాడతాం.

ఇంటికొచ్చాక మా బామ్మర్ది ఒక పరీక్ష పెట్టాడు. "బావా, రేపు నేను నడుపుతా, నువ్వు వెనక కూర్చో, బీచ్ రోడ్డులో భీమిలి దాకా వెళ్లొద్దాం" అన్నాడు, సరే అదెంత అనుకున్నా. ఆర్కే బీచ్ నుంచి బయల్దేరాం, మోకాళ్లు డొక్కల్లోకి వచ్చేశాయి, పట్టుకోడానికి ఏమీ లేదు, వాడు బ్రేకు వేసిన ప్రతిసారీ నేను జారి వాడి వీపు మీద పడుతున్నా, హెల్మెట్లు టక్ టక్ మని కొట్టుకుంటున్నాయి, స్పీడ్ బ్రేకర్ ఎక్కడుందో నాకు కనపడదు, వెన్ను కింద గుద్దినప్పుడే తెలుస్తుంది. నడిపేవాడికి గుంత ముందే కనిపిస్తుంది, కొంచెం లేచి కాళ్ల మీద బరువేసుకుంటాడు, వెనకవాడికి ఆ అవకాశమే లేదు. భీమిలి దాకా అనుకున్నది రుషికొండ దగ్గరే దిగిపోయా. వచ్చేటప్పుడు నేనే నడిపా, సిగ్గులేకుండా.

అందుకే చెప్తున్నా, ఇద్దరు తిరగడానికి బండి కొనాలంటే నడిపేవాళ్లు ముందు వెనక సీటు మీద ఒక అరగంట కూర్చోండి. యూట్యూబ్‌లో రివ్యూలు వంద చూశా నేను, ఎగ్జాస్ట్ సౌండ్ గురించి ఐదు నిమిషాలు మాట్లాడతారు, వెనక సీటు గురించి "పిలియన్ కంఫర్ట్ ఈజ్ డీసెంట్" అని ఒక్క ముక్క. ఎవడు కూర్చున్నాడు బాబూ, ఎంతసేపు కూర్చున్నాడు?

నేను చూడటం మొదలుపెట్టాక అర్థమైంది ఏంటంటే, సీటు మెత్తగా ఉందా లేదా అన్నది షోరూమ్‌లో రెండు నిమిషాలు నొక్కి చూస్తే తెలిసేది కాదు, మరీ మెత్తటిది గంట తర్వాత కిందకి అణిగిపోయి రేకు మీద కూర్చున్నట్టే ఉంటుంది. దానికంటే ముఖ్యం సీటు సమంగా ఉందా ముందుకి వాలుగా ఉందా అన్నది. వాలు ఉంటే వెనక మనిషి రోజంతా జారుతూనే ఉంటుంది, వెనక్కి జరుగుతూనే ఉంటుంది, ఆ జరగడంలోనే సగం అలసట. తర్వాత ఫుట్‌రెస్టులు, అవి సీటుకి ఎంత కిందకి ఉంటే మోకాలు అంత తక్కువ మడత పడుతుంది, స్పోర్ట్స్ బైకుల్లో మలుపులో నేలకి తగలకుండా వాటిని పైకి పెడతారు, అది నడిపేవాడి సరదా కోసం, నొప్పి మాత్రం వెనక వాళ్లది. ఇక పట్టుకోడానికి గట్టి గ్రాబ్ రైల్. నా నడుం పట్టుకుంటే చాలదా అని రొమాంటిక్‌గా అడిగా, "నువ్వు గంటన్నర ఎవరి నడుమైనా పట్టుకుని కూర్చో, తెలుస్తుంది" అంది.

మా నాన్న మాత్రం మొదటి రోజే తేల్చేశారు, "హోండా షైన్ కొనరా, గొడవ వదుల్తుంది". నవ్వొచ్చింది గానీ ఆయన చెప్పింది తప్పు కాదు. వెనక సీటు ఒక్కదాన్నే చూస్తే మన దగ్గర బాగా ఆలోచించి చేసినవి ఈ 100, 125 సీసీ బళ్లే. ఇంటిల్లిపాదీ వాడేవి కదా, పొడుగ్గా చదునుగా ఒకటే సీటు, కిందకి ఫుట్‌రెస్టులు, పెద్ద గ్రాబ్ రైల్, షైన్ 125 బరువు చూస్తే 114 కిలోల దగ్గర. ఊళ్లో తిరగడానికే అయితే నేను కూడా అదే కొనేవాణ్ణి, ఇందులో మొహమాటం ఏం లేదు. మా పిచ్చి ఘాట్ రోడ్లు కాబట్టి కుదర్లేదు, ఇద్దరం, బ్యాగు, అనంతగిరి ఎక్కుడు, అక్కడ కొంచెం లాగే ఇంజను కావాలి.

నా మనసు నిజానికి రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 450 మీద ఉండేది. దాని సీటు ఎత్తు 825 మిల్లీమీటర్లు, నా ఎత్తు ఐదడుగుల ఏడంగుళాలు, ఒక్కణ్ణే ఎక్కితే మునివేళ్ల మీద మేనేజ్ చేశా, హీరోలా ఫీలయ్యా కూడా. అసలు సంగతి వెనక మనిషి ఎక్కేటప్పుడు తెలుస్తుంది. వాళ్లు ఎడమ కాలు ఫుట్‌రెస్ట్ మీద వేసి మన భుజం పట్టుకుని పైకి లేస్తారు కదా, ఆ ఒక్క క్షణం బరువంతా ఎడమ పక్కకి లాగుతుంది, అప్పుడు రెండు కాళ్లూ పూర్తిగా నేల మీద ఆనకపోతే గుండె జారిపోతుంది. మా ఆవిడ ఎక్కబోయి నా మొహం చూసి ఆగిపోయింది. బండి తప్పేం లేదు, నా కాళ్ల పొడవు అంతే. పైగా 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ లోపు బళ్లకి జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది, ఆ పైనున్న వాటికి 40 అయింది, కాబట్టి దుఃఖం కొంచెం తగ్గింది.

అలా 350 సీసీల దగ్గరకొచ్చి పడ్డాం. రాయల్ ఎన్‌ఫీల్డ్ హంటర్ సీటు ఎత్తు 790 మిల్లీమీటర్లు, 181 కిలోలు, నాకు బొమ్మలా అనిపించింది. హోండా హైనెస్ సీబీ350 సీటు 800, బరువు అదే 181. ఎన్‌ఫీల్డ్‌దే మీటియోర్, దాని సీటు అన్నిటికన్నా కిందకి, 765, కూర్చోగానే రెండు పాదాలూ నేల మీద, దాంట్లో సూపర్‌నోవా వేరియంట్‌కి వెనక వీపు ఆనుకోడానికి బ్యాక్‌రెస్ట్ కూడా ఇస్తారు. ఎన్‌ఫీల్డ్‌దే క్లాసిక్, సీటు 805, 195 కిలోలు. ఒక మాట, కాగితం మీద అంకె చూసి మోసపోకండి, సీటు వెడల్పుగా ఉంటే కాళ్లు పక్కలకి చాచుకుని దించాలి, అప్పుడు 790 కూడా 810లా ఉంటుంది, సన్నగా ఉంటే 800 అయినా హాయిగా అందుతుంది.

ఒక షోరూమ్‌లో (ఏదో చెప్పను) కుర్రాడు నాకు కలర్లు, మైలేజీ, ఈఎంఐ అన్నీ చెప్పి మా ఆవిడతో "మేడమ్ మీరు అక్కడ కూర్చోండి, కాఫీ చెప్తా" అన్నాడు. "టెస్ట్ రైడ్‌కి నేనూ వెళ్తా" అంటే "సార్ ఒక్కళ్లే మేడమ్" అన్నాడు. మేం కాఫీ తాగకుండానే లేచొచ్చేశాం. ఇంకో చోట పాపం పెద్దాయన ఒప్పుకున్నాడు, ఇద్దరం బండి మీద పాండురంగాపురం డౌన్, అంటే అక్కడి ఏటవాలు రోడ్డు, దిగి మళ్లీ ఎక్కాం. మా ఆవిడ చేసిన పని చూడండి, దిగేటప్పుడు రెండు చేతులూ వదిలేసి కూర్చుంది, జారుతుందా లేదా చూడ్డానికి. మీటియోర్ మీద నాకు రాజుగారి ఫీలింగ్ వచ్చింది గానీ తను మాత్రం "సీటు నా సైజుది కాదు" అంది. క్లాసిక్ మీద ఏమీ అనలేదు. చుట్టూ షాపులు చూస్తూ కూర్చుంది. అది చాలనుకున్నా.

క్లాసిక్ ఇంజను కూడా ఇద్దరికీ సరిపోయేది. అంకెలు చూస్తే పవర్ 20.2 బీహెచ్‌పీ, చిన్నదే, కానీ టార్క్, అంటే లాగే బలం, 27 న్యూటన్ మీటర్లు 4000 ఆర్‌పీఎం దగ్గరే వచ్చేస్తుంది, అంటే ఎక్కుడులో మాటిమాటికీ గేర్లు దించి గ్యాస్ పిండక్కర్లేదు. దీనికీ వెనక సీటుకీ ఏంటి సంబంధం అంటే, గేరు మార్చిన ప్రతిసారీ, గ్యాస్ ఒక్కసారిగా ఇచ్చిన ప్రతిసారీ వెనకవాళ్ల మెడ ఊగుతుంది, ఘాట్‌లో గంటసేపు అలా ఊగితే తలనొప్పి రాక ఏమొస్తుంది.

దసరాకి క్లాసికే తీసుకున్నాం. ఇంట్లో అసలు కథ అప్పుడు మొదలైంది, ఎందుకంటే మా అమ్మ. అమ్మ చీరలో ఒక పక్కకే కూర్చుంటుంది, అరవై దాటాయి, కాలు అటు వేసి కూర్చో అంటే "సిగ్గులేదురా నీకు" అంటుంది. సింహాచలం కొండకి శనివారం శనివారం తీసుకెళ్లాలి. నేనేమో స్టైల్‌గా ఉంటుందని శారీ గార్డ్ తీసేయమన్నా షోరూమ్ వాళ్లకి, వాళ్లు కూడా ఏం మాట్లాడకుండా తీసేశారు. తర్వాత తెలుసుకున్నా, 1989 నాటి సెంట్రల్ మోటారు వాహనాల రూల్స్‌లో 123వ రూలు ప్రకారం వెనక సీటు ఉన్న బండికి పట్టుకోడానికి హ్యాండ్ గ్రిప్, ఫుట్‌రెస్ట్, వెనక చక్రం కనీసం సగం కప్పేలా గార్డ్ ఉండాలి, బట్టలు చక్రంలో చిక్కకుండా. రూలు సంగతి అటుంచండి, చున్నీ చక్రంలో పడితే ఏమవుతుందో మా వీధిలో ఒకసారి చూశా, అది గుర్తుండి కూడా తీయించా చూడండి. మర్నాడే పెట్టించేశా, దానికే కింద పొడుగ్గా కాళ్లు పెట్టుకునే రేకు ఉంటుంది కదా లేడీస్ ఫుట్‌రెస్ట్ అంటారు, అది కూడా. అమ్మ ఎక్కింది, కూర్చుంది, "బుల్లెట్టంటే ఎంత ఎగిరిపడుతుందో అనుకున్నా, మీ నాన్న స్కూటర్ కంటే నయమే" అంది. పక్కకి కూర్చున్న మనిషితో నడపడం వేరే విద్య, బరువు ఎడమకి లాగుతూ ఉంటుంది, నేను స్పీడు నలభై దాటను, ఎడం పక్క గోడలకీ ఆటోలకీ దూరంగా ఉంటా, అమ్మ మోకాళ్లు అటే ఉంటాయి మరి.

హెల్మెట్ ఇంకో యుద్ధం. ఇద్దరికీ ఉండాలని మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ ఎలాగూ చెప్తుంది, కానీ నా పాత హెల్మెట్ ఎవరికో ఇచ్చి లాగించేయడం కుదరదు, మా ఆవిడ తల సైజు స్మాల్, నాది లార్జ్, వదులుగా ఉంటే గాలికే వెనక్కి లేచిపోతుంది. అమ్మకి ముడి అడ్డం. చివరికి ముడి కిందకి దించి జడలా వేసుకోడానికి ఒప్పుకుంది, మల్లెపూలు మాత్రం కొండ మీదే కొనుక్కుంటుంది.

ఇక బండి మంచిదైనా సెట్టింగ్ మార్చకపోతే దండగ, ఇది నాకు మెకానిక్ చెప్పేదాకా తెలీదు. బండి 195, మేమిద్దరం కలిపి 125, అంటే 320 కిలోలు, అందులో వెనక మనిషి బరువు దాదాపు మొత్తం వెనక చక్రం మీదే. వెనక షాకబ్జర్లు కుదించుకుపోతాయి, ముందు భాగం తేలికవుతుంది, హెడ్‌లైట్ ఆకాశంలోకి చూస్తుంది. రాత్రి ఎదురొచ్చే లారీలన్నీ నాకు డిప్పర్ కొడుతుంటే వాళ్లకేం రోగం అనుకునేవాణ్ణి. ఆ షాకబ్జర్లకి ఆరు నాచ్‌ల (మెట్ల) అడ్జస్ట్‌మెంట్ ఉంది, నాచ్ పెంచితే గట్టిపడతాయి, టూల్ కిట్‌లో దానికో స్పానర్ ఇస్తారు, ఒక్కణ్ణే అయితే రెండు, తను ఎక్కితే ఐదు పెడతా. వెనక టైరులో గాలి కూడా ఒక్కరికి ఇంత, ఇద్దరికి ఇంత అని మాన్యువల్‌లో వేరుగా రాసుంటుంది, పెట్రోల్ బంకులో "ఎంత సార్" అంటే "చూసి కొట్టు" అనకండి. బ్రేకు కూడా అంతే, బరువు పెరిగింది కాబట్టి ఆగడానికి ఇంకొంచెం దూరం కావాలి, ముందే మెల్లగా మొదలుపెట్టాలి, వెనక బ్రేకు ముందు కాస్త వేస్తే వాళ్లు జారరు.

డిసెంబర్‌లో మళ్లీ అరకు వెళ్లాం. మా ఆవిడే అడిగింది. ఎస్.కోటలో ఆగితే తనే దిగి టీ చెప్పింది. గాలికొండ దగ్గర పొగమంచులో ఏదో గుంతలో పడి దడేల్‌మని కుదుపొచ్చింది, భుజం మీద ఒక్కటి కొట్టి "నాచ్ మార్చావా?" అంది. మార్చలేదు, ముందు రోజు ఆఫీసుకెళ్లినప్పటి రెండు మీదే ఉంది. రోడ్డు పక్కన ఆపి స్పానర్ తీశా, తను టార్చ్ పట్టుకుంది.