చలికాలంలో రాయలేని కథ

టీబీ అని తేలకముందు నా నీరసానికి నేను పెట్టుకున్న పేరు వేరు. నాకు రాయడం రాదు, అంతే అనుకున్నాను.

శ్రీకాకుళం దగ్గర ఒక రైస్ మిల్లులో లెక్కలు రాస్తాను. వచ్చిన ధాన్యం, తేమ శాతం, తరుగు, హమాలీ కూలి, లారీ కిరాయి, రోజంతా ఇవే. ఇంటికొచ్చి వంట ముగించి, పాప పడుకున్నాక కథలు రాసుకునేదాన్ని. ఒక వారపత్రికలో రెండు అచ్చయ్యాయి కూడా. ఆ ఏడాది ఖరీఫ్ ధాన్యం మిల్లుకు చేరుతున్న రోజుల్లో కాగితం ముందు కూర్చుంటే చాలు, కళ్లు మూతలు పడేవి. రాసింది మళ్లీ చదివితే చప్పగా కనిపించేది. కొట్టేసేదాన్ని. కొన్నాళ్లకి కొట్టేసే ఓపిక కూడా లేకపోయింది. "ఇన్నాళ్లూ ఏదో రాశావు, ఇక నీ దగ్గర సరుకు లేదు" అని లోపల ఒకటే గొడవ. దానికి ఎదురు చెప్పే శక్తి నాకు లేదు.

దగ్గు ఉంది. మిల్లులో దగ్గు లేనిదెవరికి? ఊక దుమ్ము అనుకున్నాం. మా వీధిలో ఆర్‌ఎంపీ సిరప్ ఇచ్చారు, తర్వాత యాంటీబయాటిక్. సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడేది. అంత చలిలోనూ రాత్రి చెమటకి దిండు తడిసేది. పండక్కి వచ్చిన మా అప్ప నా జాకెట్టు భుజాల దగ్గర వేలాడటం చూసి, "ఏటే ఇలా చిక్కిపోయావు, పద ఆస్పత్రికి" అని లాక్కెళ్లింది.

ఎక్స్‌రే తీశారు. కళ్లె పరీక్ష సీబీనాట్ యంత్రం మీద చేశారు. టీబీ ఉందో లేదో చెప్పడంతో పాటు, రిఫాంపిసిన్ అనే ముఖ్యమైన మందుకి అది లొంగుతుందో లేదో కూడా ఆ పరీక్షే చెబుతుంది. నాది లొంగే రకమే. దుమ్ము వల్లేనా అని అడిగాను. "దుమ్ముతో టీబీ రాదమ్మా. అది బాక్టీరియా, రోగం ఉన్నవాళ్లు దగ్గితే గాలిలో వస్తుంది. ఆర్నెల్లు ఒక్కరోజు కూడా మానకుండా మందు వేసుకో, తగ్గిపోతుంది" అన్నారు డాక్టరుగారు. పాపకీ మా ఆయనకీ పరీక్షలు చేస్తే ఏమీ లేదని తేలింది. అయినా ముందుజాగ్రత్తగా పాపకి మందు ఇచ్చారు. ఆ రాత్రి పాప పక్కన పడుకోలేక వేరే గదిలో ఏడ్చాను.

మొదటి రెండు నెలలు నాలుగు మందులు కలిపిన మాత్రలు, తర్వాత నాలుగు నెలలు మూడు మందులవి. ఎన్ని మాత్రలన్నది బరువుని బట్టి. నాకు రోజుకి 3 పడ్డాయి. మూత్రం నారింజ రంగులోకి మారుతుందని ముందే చెప్పడం మంచిదైంది, లేకపోతే హడలిపోయేదాన్ని. వికారం మాత్రం చాలా రోజులు బాధించింది.

మిల్లుకి సెలవు పెట్టాను. రోజంతా ఖాళీ. ఇన్నేళ్లూ నేను కోరుకున్నది ఇదే కదా! ఒక్క ముక్క రాయలేదు. రాయలేనని భయపడే ఓపిక కూడా లేదు, పడుకోవడమే పని.

కొన్ని వారాలకి జ్వరం ఆగింది. ఆకలి మొదలైంది. పొద్దున్న పరగడుపున మాత్రలు వేసుకుని, టిఫిన్‌కి ముందు కాసేపు ఆగాలి. ఆ ఖాళీలో ఒకరోజు పాత నోట్‌బుక్ తీశాను. చలికాలంలో గీతలు పెట్టి కొట్టేసిన పేజీలు. గీతల కిందవి ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదివాను. హమాలీ ముసలాయన బస్తా దించి, లెక్క అడగకుండా వెళ్లిపోయే చోటు ఉంది. బాగుంది. నిజంగా బాగుంది! జ్వరంతో ఊగుతున్న మనిషి రాసింది అది. దాన్ని చప్పగా ఉందని కొట్టేసిందీ ఆ జ్వరంలోనే. నాకు ఒక్కసారిగా కోపం వచ్చింది. నా ఊపిరితిత్తుల్లో ఉన్న రోగం నా కథల మీద తీర్పు చెబుతుంటే నెలల తరబడి తల వంచుకుని విన్నాను.

అన్నీ అలా లేవు. కొన్ని పేజీలు ఆరోగ్యంగా ఉండి చదివినా బాగాలేవు. ఆ కథలో కూతురు పాత్ర ఒట్టి బొమ్మ. ఆ అనుమానం మాత్రం టీబీది కాదు, నాదే. దాన్ని ఉంచుకున్నాను, పనికొస్తుంది.

బయట తిరగొచ్చని చెప్పాక కథానిలయానికి వెళ్లాను. శ్రీకాకుళంలోనే ఉంది. అందరూ కారా మాస్టారు అని పిలిచే కథకులు కాళీపట్నం రామారావుగారు 1997లో మొదలుపెట్టారు. ఎక్కడెక్కడి తెలుగు కథలూ అక్కడ పోగుచేసి ఉంటాయి. కారా మాస్టారు విశాఖపట్నంలో లెక్కల మాస్టారు, ఉద్యోగం చేసుకుంటూనే రాశారు. ఆ పాత పత్రికలు తిరగేస్తుంటే రోజూ పనికి పోయి వచ్చి రాసినవాళ్లు ఇంతమంది ఉన్నారా అని ధైర్యమొచ్చింది.

మిల్లుకి తిరిగి వెళ్లినప్పుడు ఒకరిద్దరు నా గ్లాసు వేరుగా పెట్టారు. మందు సరిగ్గా పనిచేస్తుంటే కొన్ని వారాల్లోనే అంటించే గుణం పోతుందని చెప్పాను. ఒకరు విన్నారు.

కోర్సు పూర్తయింది. బరువు వచ్చింది. కళ్లె పరీక్షలో ఏమీ లేదు. ఎక్స్‌రేలో చిన్న మచ్చ ఉండిపోతుందన్నారు. రాత్రి రాయడం మానేశాను, నిద్ర పోవాలి. మాత్రల కోసం అలవాటైన పొద్దుటి సమయం అలాగే ఉంచుకున్నాను. ముసలాయన కథ మళ్లీ రాస్తున్నాను. కూతురు ఇంకా కుదరలేదు. ఈసారి ఆమెను మిల్లులో తూకం దగ్గర నిలబెట్టి చూస్తున్నాను.